మజ్జమార్పిడి - పరిచారిక ధర్మము

నా చిన్ననాట మా తండ్రిగారు ఇంటివద్దనే నాకు సంస్కృతము చెప్పుచు, చరకసంహితలోని ఒక చిన్న అధ్యాయమును చదివించిరి. చికిత్సకు నాలుగు పాదములని అందు చెప్పబడినది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అనునవే ఆ నాలుగు పాదములు. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. పరిచారకునకు ఉపచారము తెలిసియుండుట, నేర్పు, అనురాగము, శుచిత్వము ఉండవలెను. రోగికి జ్ఞప్తి, చెప్పినట్లు నడుచుకొనుట, ధైర్యము, తన స్థితిని దాచక తెలియజెప్పుట ఉండవలెను. ఆ పదునారు గుణములను నేను వల్లెవేసి అప్పగించితినే కాని వాని లోతు నెరుగను. రెండు సంవత్సరముల క్రిందట మా చెల్లెలి కుమారునకు ఒక పెద్ద ఆసుపత్రిలో మజ్జమార్పిడి జరిగెను. అచ్చట ఒక నర్సు చేసిన పనిని కన్నులార చూచిన పిమ్మటనే ఆ పాఠము నాకు బోధపడినది.

ఆమె ఉద్యోగమునకు ఆ ఆసుపత్రిలో "ట్రాన్స్‌ప్లాంటు కోఆర్డినేటరు" అని పేరు. వైద్యులు, ప్రయోగశాల, రక్తనిధి, మందుల గది, లెక్కల కచేరి, రోగి, దాత, ఇంటివారు - వీరందరి నడుమ దారమువలె నుండి పనిని కూర్చునట్టి నర్సు అని దాని భావము. ఈ పరిచారిక ధర్మము నెరుగుట మనకు అవసరము. ఏలయన ఆమె చేయు పనిలో సగము ఆసుపత్రి గడప దాటిన పిదప గృహిణి చేతికే వచ్చును.

మొదట ఈ చికిత్స యెట్టిదో చెప్పెదను. మన ప్రాచీనులు సప్తధాతువులను లెక్కించుచు రక్తమును రెండవదానిగను, మజ్జను ఆరవదానిగను చెప్పిరి. ఎముకలలోని ఆ మజ్జయే రక్తమునకు పుట్టినిల్లని 1868లో జర్మనీ దేశపు వైద్యుడు ఎర్నెస్టు నాయ్‌మన్ కనుగొనెను. మజ్జలో మూలకణములు కలవు. వీనినే స్టెమ్ సెల్స్ అందురు. విత్తనపు వడ్లవలె ఇవి తమవంటి కణములను తాము పెంపొందించుకొనుచు, ఎర్రకణములను, తెల్లకణములను, రక్తమును గడ్డకట్టించు ప్లేట్‌లెట్లను నిత్యము పుట్టించుచుండును. ఈ విత్తనమే చెడినచో పైపైన ఎంత రక్తమెక్కించినను రోగము కుదురదు.

మా పిల్లవానికి తలసీమియా అను వ్యాధి. తల్లిదండ్రు లిద్దరును పైకి ఆరోగ్యవంతులుగనే యుండి, లోలోపల ఆ లోపమును మోయుచున్నచో, ప్రతి కాన్పునందును నాలుగింట ఒక పాలు బిడ్డకు ఈ వ్యాధి రాగల అవకాశము కలదు. వీనికి ఆరవ నెలనుండి ముఖము పాలిపోవుట మొదలిడెను. అప్పటినుండి మూడు నాలుగు వారముల కొకమారు రక్తమెక్కింపవలసి వచ్చెను. ఎక్కించిన రక్తముతో కూడ ఇనుము శరీరములో చేరి కాలేయమునందును గుండెయందును పేరుకొనును. దానిని వెడలించుటకు వేరొక మందు. ఐదేండ్లు ఇట్లు గడచినవి.

ఇట్టివారికి చెడిన మజ్జను మందులచే తొలగించి, సరిపోలిన యింకొకరి మూలకణములను నాటుటయే మజ్జమార్పిడి. అమెరికాలో డాక్టరు డొనాల్ థామస్ 1957లో ఈ మార్గమున తొలి ప్రయత్నముల ఫలితమును ప్రకటించి, దశాబ్దముల కృషి పిదప 1990లో నోబెల్ బహుమానము నందెను. ఆయన భార్య డొరొతీ పత్రికారచన చదువును మాని, ప్రయోగశాల విద్య నేర్చి, జీవితమంతయు ఆయనతో పనిచేసినది. ఈ విద్యకు ఆయన తండ్రియైనచో ఆమె తల్లియని తోటివారు చెప్పుకొనిరి. మన దేశములో 1983లో బొంబాయి టాటా స్మారక ఆసుపత్రియందును, 1986లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలయందును ఈ చికిత్స ఆరంభమైనది.

మజ్జమార్పిడి యనగానే కత్తితో కోసి యెముకను మార్తురని మావారు కూడ భయపడిరి. అట్టిదేమియు లేదు. దాత తుంటియెముక వెనుకభాగమునుండి, మత్తు ఇచ్చి, సూదితో మజ్జను తీయుదురు. పెద్దలైన దాతలకు నాలుగైదు దినములు సూదిమందు ఇచ్చి, మూలకణములను రక్తములోనికి రప్పించి, చేతి నరమునుండి యంత్రముద్వారా వేరుచేయుటయు కలదు. రోగికి వానిని రక్తమెక్కించునట్లే నరములోని కెక్కింతురు. అవి తమంతట తామే మజ్జకు దారి వెదకుకొని పోవును.

తోబుట్టువులలో ఒకరికొకరికి కణజాతి పూర్తిగా సరిపోలుట నాలుగింట ఒక పాలు మాత్రమే. మా పిల్లవానికి తొమ్మిదేండ్ల అక్క కలదు. ఆమెది సరిపోయినది. ఆ కబురు చెప్పినది కోఆర్డినేటరు సిస్టరే. చెప్పి ఊరకుండలేదు. ఆ దినమునుండి ఆమె యొక లావుపాటి పుస్తకము తెరచినది. పిల్లవాని గుండె, కాలేయము, మూత్రపిండములు, పండ్లు కూడ పరీక్షింపవలెను. పుచ్చుపన్ను ఒక్కటి యున్నను తరువాత దానినుండియే విషజ్వరము రావచ్చును. ఏ పరీక్ష యే దినమున, ఏది పరగడుపున, ఏ కాగితము ఎవరి సంతకమునకు - సర్వమును ఆమె వ్రాసి యిచ్చినది. రక్తదానమునకు మేనమామలు ముందుకు రాగా, రక్తసంబంధుల రక్తమును మార్పిడికి ముందు ఈ పిల్లవాని కెక్కింపరాదని, అందువలన క్రొత్త మజ్జను శరీరము నిరాకరించు అపాయము పెరుగునని చెప్పి, వారిచేత ఇతర రోగులకు రక్తమిప్పించినది. ఈ మందులవలన ముందు సంతానయోగ్యత చెడవచ్చునని కూడ, బిడియపడక, మా చెల్లెలిని మరదిగారిని కూర్చుండబెట్టి ముందుగనే చెప్పినది.

ధనవిషయమున కూడ ఆమెయే దారి చూపినది. 2017లో ఆరంభమైన తలసీమియా బాలసేవాయోజనయందు కోల్ ఇండియా సంస్థ, సరిపోలిన తోబుట్టువుగల పిల్లలకు, కుటుంబాదాయ పరిమితికి లోబడి, పది లక్షల రూపాయల వరకు సాయము చేయుచు వచ్చినది. ఈ సంగతి మా యింట నెవరికిని తెలియదు. నగలు తాకట్టు పెట్టుటకు సిద్ధపడిన మా చెల్లెలితో ఆమె, "ముందు దరఖాస్తు, తరువాత తాకట్టు" అని నవ్వుచు చెప్పినది.

ఇక దాతయగు పిల్ల సంగతి. మా చెల్లెలి అత్తగారు, "తమ్ముని కిచ్చుటకు దాని నడుగుట యెందులకు? ఆడపిల్ల, అదియే యిచ్చును" అనిరి. మేమెవ్వరమును ఆ మాట తప్పని తలచలేదు. సత్యము చెప్పవలెనన్న నేనును తలచలేదు. తల్లిదండ్రుల సమ్మతి కాగితముపై నున్నను, సిస్టరు ఆ పిల్లను ప్రత్యేకముగా తన గదిలోనికి పిలిచికొని మాటలాడినది. ఆ పిల్ల కోరికమీద నేనొక్కతెను ద్వారమువద్ద కూర్చుంటిని.

పిల్ల చాలసేపు పలుకలేదు. తరువాత మెల్లగా, "నా యెముకలో నున్నదంతయు తీసి తమ్మునికి ఇచ్చినచో, నేను చచ్చిపోదునా?" అని యడిగినది. నెలదినములుగా ఆ పసిది ఈ భయమును కడుపులో పెట్టుకొని తిరిగినది. ఇంటిలో నెవరును కనిపెట్టలేదు.

సిస్టరు, "ఏటి యిసుకలో చెలమ చూచితివా, తల్లీ?" అని యడిగినది. పిల్ల తలయూపినది. "నాలుగు చెంబులు తోడినచో చెలమ యెండిపోవునా?" "పోదు, మరల ఊరును." "నీ యెముకలోనిదియు అంతే. కొంచెమే తీయుదురు, కొన్ని వారములలో మరల ఊరును. నీవు నిద్రపోవుచుండగా తీయుదురు. లేచిన పిదప నడుము నాలుగు దినములు నొచ్చును. నొప్పి యుండదని నేను అబద్ధము చెప్పను. నిన్ను చూచుటకు వేరొక డాక్టరు గారున్నారు. వారు తమ్ముని డాక్టరు కారు, నీ డాక్టరే. నీకు వలదన్నచో ఇప్పుడే చెప్పుము. వైద్యులతో నేను మాటలాడుదును. నిన్నెవరును కోపింపరు."

పిల్ల కొంతసేపు ఆలోచించి, "ఊరునుగదా, ఇచ్చెదను" అన్నది.

ఆ ప్రశ్న అప్పుడే యడుగుట కొక కారణము కలదు. రోగి పాత మజ్జను మందులతో నశింపజేసిన పిదప దాత వెనుదీసినచో, ఆ రోగికి ప్రాణాపాయము. కావున దాత మనస్సులోని మాట మందు మొదలిడుటకు ముందే వెలువడవలెను. దాతను అడుగుట దయ మాత్రమే కాదు, చికిత్సలో నొక భాగము. మజ్జ తీసిన దినమున చూడవచ్చిన బంధువుల నెల్ల సిస్టరు, "ముందు అక్క గదికి పోయి, తరువాత తమ్ముని అద్దములోనుండి చూడుడు" అని పంపినది. ఆ రాత్రి పిల్ల మంచమువద్ద మేలుకొని యున్నది మా చెల్లెలి అత్తగారే.

మార్పిడికి ముందు దినములను వెనుకకు లెక్కింతురు. కణములెక్కించు దినము సున్న. ఆ పిదప ఒకటి, రెండు అని ముందునకు సాగుదురు. పిల్లవానిని వడగట్టిన గాలి వచ్చు గదిలో నుంచి, ఎదురురొమ్ములోని పెద్దనరమునకు మెత్తని గొట్టమమర్చి, బలమైన మందు లిచ్చిరి. వెండ్రుకలు రాలినవి, నోరు పూచినది. సున్న దినమున ఒక చిన్న సంచి తెచ్చిరి. ఇద్దరు నర్సులు పేరును సంఖ్యను బిగ్గరగా చదివి సరిచూచిరి. కొంతసేపటిలో అంతయు లోనికి పోయినది. "ఇంతేనా?" అని మా చెల్లెలు ఆశ్చర్యపడినది. "అసలు పని ఇప్పుడు మొదలు" అని సిస్టరు చెప్పినది.

అది నిజము. పాత మజ్జ పోయి క్రొత్తది వేరూనని ఆ రెండు మూడు వారములలో పిల్లవానికి రోగముల నెదిరించు తెల్లకణములు లేనే లేవు. మన యిండ్లలో పురిటిగదిని ఎట్లు కాపాడుదుమో అట్లు కాపాడవలెను. ప్రతి ఉదయమును సిస్టరు వచ్చి, నోరు చూచి, గొట్టము మొదలు చూచి, అరచేతులను అరికాళ్లను త్రిప్పి చూచెడిది. నాటిన కణములు క్రొత్త ఇంటిని తమది కాదని తలచి ఎదురుతిరుగుటయు కలదు. దాని తొలి జాడ అరచేతులయందు, అరికాళ్లయందు, చెవులయందు ఎరుపుగా తరచు కానవచ్చును. పిమ్మట అది ప్రేగులను కాలేయమును తాకవచ్చును. పంతొమ్మిదవ దినమునకు తెల్లకణములలో న్యూట్రోఫిల్ అను జాతి ఐదువందలు దాటి మూడు దినములు నిలిచినది. మజ్జ నాటుకొన్నదనుటకు అదియే గుర్తు.

తరువాత ఆసుపత్రికి సమీపముననే యొక అద్దెగదిలో నూరవ దినము వరకు ఉండవలసి వచ్చెను. మా చెల్లెలికి కొంత విశ్రాంతి నిచ్చుటకు నేను పోయితిని. ఇప్పుడు నా తప్పు చెప్పవలెను.

ఎదురుతిరుగు కణములను అణచుటకు సైక్లోస్పోరిన్ అను మందు పండ్రెండు గంటల కొకమారు ఇయ్యవలెను. అది రక్తములో ఎంత యున్నదో అప్పుడప్పుడు పరీక్షింతురు. ఆ పరీక్షదినమున మాత్రము రక్తము తీసిన తరువాతనే ఉదయపు మందు ఇయ్యవలెను. సిస్టరు చెప్పినది, వ్రాసియు ఇచ్చినది. కాని నాకు వేళ తప్పరాదను పట్టుదల; ఆ దినమున ఎనిమిది కొట్టగనే మందు ఇచ్చివేసితిని. ఆసుపత్రి మెట్లవద్ద కాని జ్ఞప్తికి రాలేదు. సంస్కృతము చదివినదానను, ఉపాధ్యాయుని భార్యను. ఇంత చిన్న మాట మరచితినని చెప్పుకొనుటకు సిగ్గు వేసినది. ఒక్క పూట మందుకు ఏమగునులే, ఊరకుందమని తలచితిని.

రక్తము తీయుటకు ముందు సిస్టరు, ఎప్పటివలెనే, "ఉదయపు మందు ఎన్ని గంటలకు ఇచ్చితిరి, అమ్మా?" అని యడిగినది. నోట అబద్ధము రానున్నది. పిల్లవాడు నా కొంగు పట్టుకొని నిలిచియున్నాడు. "ఎనిమిదింటికి ఇచ్చితిని. మరచితిని" అంటిని.

ఆమె ముఖము చిట్లించుకొనలేదు. పుస్తకములో వ్రాసికొని, పరీక్షను మరునాటికి మార్చినది. పిమ్మట నాతో, "మీరు చెప్పకున్నచో మందు ఎక్కువగా నున్నట్లు లెక్క వచ్చెడిది, డాక్టరు గారు మోతాదు తగ్గించెడివారు, క్రొత్త కణములు ఎదురుతిరిగెడివి. మరచుటకు నేను భయపడనమ్మా, మరపునకు విరుగుడు కలదు. దాచుటకే నాకు భయము" అన్నది. మందులపెట్టెపై పరీక్షదినములకు ఎర్రకాగితము అంటించి యిచ్చినది. అది విరుగుడు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. రోగి గుణములలో కడపటిది తెలియజెప్పుట. పసివాడు తన స్థితిని తాను చెప్పలేడు. వానికి బదులు చెప్పవలసిన నోరు నాది. ఆ నోరే మూతపడినచో ఎంత గొప్ప వైద్యుడైనను చీకటిలో బాణము వేసినట్లే. పరిచారిక యెంత నేర్పరియైనను, ఇంటివారు చెప్పిన సత్యముపైననే ఆమె పని నిలుచును. అడిగినపుడు భయపడక సత్యము చెప్పగలుగునట్లు మనలను ఉంచుటయే ఆమె నేర్పు. ఆనాడు ఆ పిల్లచేతను, ఈనాడు నాచేతను ఆమె పలికించినది అదియే.

ఆమె మా కిచ్చిన గృహనియమములలో కొన్నింటిని చెప్పెదను. వీనిని మీ వైద్యులు చెప్పినదానితో సరిచూచుకొనవలెను.

అప్పుడు వండినది వేడివేడిగా పెట్టవలెను. నిన్నటి కూర, పచ్చికూరల పచ్చళ్లు, అంగడి తినుబండారములు పనికిరావు. నీరు కాచి చల్లార్చవలెను. సైక్లోస్పోరిన్ వాడునపుడు పంపరపనస, గ్రేప్ ఫ్రూట్ ఈయరాదు. అవి మందును రక్తములో పెంచును. గదిలో పూలు, మట్టికుండీలు, పెంపుడు జంతువులు ఉండరాదు. గుడి తిరునాళ్లకు, పెండ్లిపందిళ్లకు తీసికొనిపోరాదు. దేవుని ప్రసాదమైనను ఇంట వండి నివేదించినదే పెట్టుడు, దేవుడు కోపింపడు. చేతులు సబ్బుతో కడుగుకొనక ఎవరును బిడ్డను తాకరాదు. అది తాతగారికైనను వర్తించును. ఫారన్‌హీట్ లెక్కలో జ్వరము 100.4 తాకినచో రాత్రియా పగలా అని చూడక వెంటనే తెలుపవలెను. ముందుగా జ్వరపు బిళ్ల వేసి దానిని దాచరాదు. పసినాడు వేసిన టీకాల బలము చాలవరకు పోవును గనుక, ఆరునెలలు మొదలు ఏడాది నడుమ వానిని మరల మొదటినుండి వేయుదురు. సజీవ టీకాలను రెండేండ్లు దాటిన పిదపనే, వైద్యుని యనుమతితో వేయవలెను.

ఈ చికిత్స అందరికిని ఫలించునని చెప్పుట న్యాయము కాదు. తోబుట్టువు మజ్జ సరిపోలి, కాలేయము చెడకమునుపే చేసినచో, మంచి కేంద్రములలో తలసీమియా పిల్లలు పదింట ఎనిమిది తొమ్మిదిమంది కోలుకొందురు. మిగిలిన ఒకరిద్దరు కూడ ఒక తల్లి బిడ్డలే. మా ప్రక్కగదిలోని బాలునకు మజ్జ నిలువలేదు. ఆ సంగతి వైద్యులు చెప్పి వెడలిన తరువాత, ఆ తల్లి ప్రక్కన నేలపై కూర్చుండి చీకటిపడువరకు కదలనిది మా సిస్టరే. మరునాటి ఉదయము ఏడింటికి మరల మా పిల్లవాని అరచేతులు చూచుటకు వచ్చినది. ఆమె కన్నులు ఎర్రగా నుండెను. చేతులు మాత్రము కడిగి శుభ్రముగా నుండెను. చరకుడు చెప్పిన అనురాగమును శుచిత్వమును ఒకే మనిషియందు నేనప్పుడు చూచితిని.

సోదరీమణులారా! వివాహమునకు ముందే వధూవరులకు, కాదేని గర్భము నిలిచిన తొలి దినములలోనే, తలసీమియా లోపమును తెలుపు రక్తపరీక్ష చేయింపుడు. జాతకములు చూచు శ్రద్ధలో నాలుగవవంతు చాలును. తోబుట్టువు సరిపోలని రోగులకొరకు దాతల పట్టికలు కలవు. 2009లో చెన్నపట్టణమున ఏర్పడిన దాత్రి అను సంస్థ అట్టిది. పదునెనిమిదేండ్లు నిండిన మీ బిడ్డలు ఆరోగ్యవంతులైనచో, బుగ్గలోపల దూదిపుల్ల నొరసి యిచ్చుటతోనే పేరు చేర్చుకొనవచ్చును. కాని వారిని ముందు అడుగుడు. మీ కుమార్తె నర్సు విద్య నేర్చెదనన్నచో చులకన చేయకుడు.

మా పిల్లవాని కిప్పు డేడేండ్లు. వాని రక్తము పూర్వము "బి" జాతి. ఇప్పుడు అక్కవలె "ఓ" జాతి. మునుపు పేరుకొన్న ఇనుము పోవుటకై, ఇన్నాళ్లు రక్తమెక్కించిన చేతినుండియే ఇప్పు డప్పుడప్పుడు రక్తము తీయుచున్నారు. సున్న దినమును వాని రెండవ పుట్టినరోజుగా జరుపుకొనుచున్నాము. ఈ యేడు ఆ దినమున సిస్టరునకు ఫోనుచేసి, పాయసము వండితిమని చెప్పితిని. ఆమె సంతసించి, పిల్లవాని క్షేమమడిగి, పిమ్మట, "మొదటి గిన్నె అక్కకే పెట్టితిరిగదా?" అన్నది.

పెట్టలేదు. ఆ మాటయు దాచక చెప్పితిని. చెప్పి, లోనికి పోయి, రెండవ గిన్నెలో నింకొక గరిటెడు వేసి పిల్లను పిలిచితిని.